పొగ మీద పోట్లాటకొచ్చిన మేడం

బుధవారం పొద్దున ఆరు గంటలకు బోరు దగ్గర ట్యాంకర్ నింపుతుంటే ఫోన్ మోగింది. మేడం వాళ్ళ అక్క కూతురు. ఆ అమ్మాయి ఆ వేళప్పుడు ఎప్పుడూ చేయదు. "అక్కా, పిన్ని పోయింది. నిద్రలోనే పోయింది. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అంది. ఫోన్ చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడిపోయాను. ట్యాంకర్ నిండి, పైమూతలోంచి నీళ్ళు పొర్లి నా కాళ్ళ మీద పడుతున్నాయి. బోరు ఆయన దూరం నుంచి "అక్కా, నీళ్ళు పోతున్నయ్, వాల్వ్ బందు చెయ్యి!" అని అరిచాక కదిలాను.

ఆ నీళ్ళు అశోక్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు చేరాలి. ముందు అక్కడికే వెళ్ళాను. వినేవాళ్ళకు ఇది రాతిగుండె పనిలా అనిపించవచ్చు. కానీ వందమంది పిల్లలు బకెట్లు పట్టుకుని నిలబడి ఉంటే, నింపిన బండిని బోరు దగ్గరే వదిలేసి ఏడుస్తూ వచ్చానంటే మేడం ఒప్పుకునే మనిషి కాదు. సంపు నిండిందాకా నిలబడి, పైపు చుట్టి, అప్పుడు చిక్కడపల్లి దారి పట్టాను. దారంతా కళ్ళు తుడుచుకుంటూనే నడిపాను.

ఆమెకు మంచి పేరుంది. కానీ నేను ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు కనుక ఇక్కడా రాయను. నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. తండ్రి సర్కారు కొలువు మీద కృష్ణా వైపు నుంచి హైదరాబాదుకు వచ్చేనాటికి ఆమె ఆరేళ్ళ పిల్లట. అరవై ఎనిమిదేళ్ళు ఇక్కడే ఉన్నా మాటలో ఆ యాస పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో మొదటి అంతస్తులో ఉండేవారు. అక్క కూతురు ఉద్యోగం దొరికాక వచ్చి తోడుగా చేరింది. ఆ ఇంటి పక్కనే ఒక ఖాళీ జాగా ఉంది. ఆ జాగాలో మా ట్రాక్టర్, దాని వెనక రేకుల గదిలో మేం. మేమంటే నేను, మా ఆయన.

మా ఆయన నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. లారీ ట్యాంకర్లు పట్టని సందులు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ సందుల్లోకి మా ట్రాక్టర్ దూరేది. రెండు హాస్టళ్ళు, ఒక టిఫిన్ సెంటరు, నల్లకుంట వైపు నాలుగైదు ఇళ్ళు, అదే మా బతుకు. నాలుగేళ్ళ కింద ఎండాకాలం మొదట్లో ఆయన ట్యాంకర్ నిచ్చెన మీది నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ఎండాకాలం మూడు నెలలే మాకు ఏడాది మొత్తం తిండి పెట్టేవి.

మా నాన్న ఊళ్ళో ట్రాక్టర్‌తో దున్నేటప్పుడు నేను పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పెళ్ళయిన ఏడాదే లైసెన్స్ కూడా తీసుకున్నాను. అది ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది. ఆయన పడిన మూడో రోజు దాన్ని బయటికి తీశాను. "సందులల్ల రివర్స్ ఎట్ల కొడ్తవే?" అన్నాడు మంచం మీద నుంచి. "కొడ్త" అన్నాను. మొదటి వారం రెండు గోడలకు గీతలు పెట్టాను, ఒక గేటు వంచాను. తర్వాత చేయి కుదిరింది.

చేయి కుదిరాక బండి మొరాయించింది. ఒకరోజు అశోక్ నగర్‌లో హాస్టల్ ముందు నీళ్ళు దించి, ఎక్కి తాళం తిప్పితే ఏమీ లేదు. గుర్రుమనడం కూడా లేదు. ముందు పలకలో చిన్న ఎర్ర దీపం వెలగాలి, అదీ లేదు. లైట్లు లేవు. బండిలో కరెంటన్నదే లేనట్టు చచ్చి పడి ఉంది. సందు మొత్తం నా బండితో మూసుకుపోయింది. వెనక ఆటోలు, బైకులు. చాయ్ దుకాణం దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలను "తమ్ముడూ, జర తొయ్యుండ్రి" అని అడిగాను. ఎనిమిదిమంది పుస్తకాలు బల్ల మీద పెట్టి వచ్చారు. ఖాళీ ట్యాంకర్‌తో బండిని తోస్తుంటే గేరు వేసి వదిలాను. ఒక కుదుపుతో ఇంజన్ లేచింది. డీజిల్ ఇంజన్ కదా, ఒకసారి లేచిందంటే కరెంటు లేకపోయినా నడుస్తుంది. లేపడమే కష్టం.

మెకానిక్ వచ్చి చూశాడు. బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాను. రెండు రోజులు బాగా నడిచి మళ్ళీ అదే. ఇంకొకాయన వచ్చాడు. బానెట్ ఎత్తి వైర్ల గుత్తిని చేత్తో ఇటూ అటూ కదిపి, "వైరింగ్ మొత్తం ఖరాబైంది అక్క. పాతది పీకి కొత్త సెట్టు ఎయ్యాలె. వారం బండి నాకాడ ఇడ్వాలె" అన్నాడు. వారం బండి లేకపోతే హాస్టళ్ళు వేరే ట్యాంకర్‌ను చూసుకుంటాయి. ఒకసారి పోయిన హాస్టల్ తిరిగి రాదు. సరే, నాకు తోచిన ఉపాయం నేను చేశాను. పొద్దున ఎట్లాగో తోయించి లేపితే, మళ్ళీ సాయంత్రం దాకా ఇంజన్ ఆపేదాన్ని కాదు. ఇంటికొచ్చి అన్నం తిన్నా జాగాలో అది దడదడమంటూనే ఉండేది.

మేడంతో నా పరిచయం అక్కడ మొదలైంది. అంతకుముందు ఆరేళ్ళుగా ఒకే సందులో ఉన్నాం. ఆమె పొద్దున్నే నల్ల గొడుగు పట్టుకుని లైబ్రరీ దాకా నడిచి వచ్చేవారు. నేను నమస్తే పెట్టేదాన్ని, ఆమె తల ఊపేవారు, అంతే. ఆ మధ్యాహ్నం మాత్రం తినే కంచం ముందు నుంచి లేచి, చేయి కడుక్కోకుండానే కిందికి దిగి వచ్చారు. వేళ్ళకు పెరుగన్నం ఉంది.

"ఏంటమ్మా ఇది? మూడు రోజులుగా చూస్తున్నాను. పొగంతా మా వంటింట్లోకే వస్తోంది. ఇంజన్ ఆపడం తెలీదా నీకు?"

"ఆపుడు తెలుసు మేడం. ఆపితే మళ్ళ స్టార్ట్ అయితలేదు" అన్నాను. అనేసరికి నాకు ఏడుపొచ్చింది. బండి మొరాయించిన పది రోజుల్లో అప్పటిదాకా ఏడవలేదు.

ఆమె ఓదార్చలేదు. "ఎందుకు అవట్లేదు?" అని అడిగారు.

మెకానిక్‌లు చెప్పిందంతా చెప్పాను. అంతా విని, "వాళ్ళు చెప్పింది కాదు. నువ్వు ఏం చూశావు?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. తాళం తిప్పితే దీపం వెలగదని చెప్పాను. కొన్నిసార్లు దానంతటదే వెలుగుతుందని, ఎప్పుడు వెలుగుతుందో తెలియదని చెప్పాను.

"నాకు ట్రాక్టర్ తెలీదు. కరెంటు తెలుసు. చూద్దాం" అని చేయి కడుక్కోవడానికి పైకి వెళ్ళిపోయారు.

ఆ "చూద్దాం" అన్న మాట తర్వాత నాలుగేళ్ళలో వెయ్యిసార్లు విన్నాను. మనం రేపటికి వాయిదా వేయడానికి ఆ మాట వాడతాం. మేడం చూద్దామన్నారంటే ఆ క్షణం నుంచే చూడటం మొదలుపెట్టారని అర్థం. సాయంత్రానికల్లా నాకు ఒక చీటీ ఇచ్చారు. పాత ప్రశ్నపత్రం వెనక గుండ్రటి అక్షరాలతో రాశారు: ఇండికేటర్ బల్బు ఒకటి, దాని హోల్డరు, ఎర్ర వైరు రెండు గజాలు, నల్ల వైరు రెండు గజాలు. నారాయణగూడలో ఆటో సామాన్ల దుకాణంలో తెచ్చాను. ఆమె తన పాత కాలేజీకి వెళ్ళి, ఇప్పుడు అక్కడ పాఠం చెప్పే తన శిష్యురాలిని అడిగి, చేతిలో పట్టే మీటరు తెచ్చారు. కానీ మీటరు కన్నా బల్బునే ఎక్కువ నమ్మేవారు. "మీటరు ఉందంటుంది. ఎంత పని చేయగలదో చెప్పదు. బల్బు వెలిగితేనే ఉన్నట్టు" అనేవారు.

మర్నాడు జాగాలో పాత పేపరు పరుచుకుని కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన నేత చీర. ముందుగా చేతికున్న రెండు సన్నటి గాజులు, గడియారం తీసి చేతిరుమాల్లో మూట కట్టి నా చేతికిచ్చారు. నా మంగళసూత్రం వైపు చూసి, "దాన్ని జాకెట్ లోపలికి వేసుకో. పుస్తె బ్యాటరీకి తగిలితే నిప్పులో పెట్టినట్టు కాలుతుంది" అన్నారు. ఆమె ల్యాబులో ఒకప్పుడు ఒక పిల్ల ఉంగరం అట్లా కాలి వేలికి అతుక్కుపోయిందట. బ్యాటరీని ముట్టుకునే ప్రతిసారీ ఆమె అదే మాట చెప్పేవారు. నేను విసుక్కున్నా చెప్పేవారు.

నాకు భయమేసి ముందే చెప్పేశాను. "మేడం, నేను ఇంటర్‌ల ఫిజిక్స్ రెండుసార్లు ఫెయిలైన. నాకు సమజ్ కాదు."

"అయితే ఇది మూడోసారి. పేపరు ఇదిగో" అని బానెట్ మీద కొట్టారు.

మొదటి రోజు మేడం తప్పు చేశారు. ఈ సంగతి రాయకపోతే ఆమె గురించి సగమే రాసినట్టు. బల్బుతో అక్కడా ఇక్కడా చూసి, తాళం తిప్పే స్విచ్ దగ్గర కరెంటు ఆగిపోతోందని తేల్చారు. కొత్త స్విచ్ తెచ్చి బిగించాం. తాళం తిప్పగానే ఎర్ర దీపం వెలిగింది, ఇంజన్ లేచింది. ఇద్దరం చప్పట్లు కొట్టాం. మేడం పైకి పిలిచి కాఫీ ఇచ్చారు. మర్నాడు పొద్దున ఐదున్నరకు తాళం తిప్పితే మళ్ళీ శవంలా ఉంది.

మా ఆయన ఓపిక అక్కడితో అయిపోయింది. "ఇగ చాలు. ఎన్ని దినాలు పరేషాన్ అయితం? అమ్మేద్దాం. బ్రోకర్‌తోని మాట్లాడిన, ఆదివారం వచ్చి చూస్తడు" అన్నాడు. ఆయనను తప్పు పట్టను. మంచం మీద పడుకుని కిటికీలోంచి రోజూ ఆ బండి చావు చూడటం ఆయనకూ నరకమే. అది ఆయన పెళ్ళికి ముందు, ఆరేళ్ళు వేరేవాళ్ళ దగ్గర డ్రైవర్‌గా చేసి కొనుక్కున్న బండి. అమ్మేద్దామన్నాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను మేడం దగ్గరికి వెళ్ళి, "ఇడ్సిపెట్టుండ్రి మేడం, మీకు తక్లీఫ్ ఎందుకు" అన్నాను. ఆ రోజు శుక్రవారం.

"ఆదివారం కదా వచ్చేది. ఇంకా రెండు రోజులుంది" అన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, "తప్పు నాదే. స్విచ్ మార్చాక పనిచేసింది కాబట్టి స్విచ్చే కారణమనుకున్నాను. క్లాసులో పిల్లలు ఇలా రాస్తే సున్నా వేసేదాన్ని" అన్నారు. ముప్పై బ్యాచులకు పాఠం చెప్పిన మనిషి, రెండుసార్లు ఫెయిలైన నా ముందు అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం చూసి నేనే ఇబ్బంది పడ్డాను. ఆమె పడలేదు. మరో పాత ప్రశ్నపత్రం తిరగేసి కలం తీశారు.

"ఇప్పటిదాకా బండి బాగైనట్టు కనిపించింది ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. కొత్త బ్యాటరీ ఏసినప్పుడు, స్విచ్ మార్చినప్పుడు."

"బ్యాటరీ వేసినప్పుడు ఏమేం విప్పారు?"

"బ్యాటరీ వైర్లు రెండూ విప్పి మళ్ళ బిగించిండు."

"స్విచ్ మార్చినప్పుడు మనం ఏమేం విప్పాం?"

"స్విచ్ వైర్లు." ఆగాను. మంటలు రాకుండా ఉండాలని పని మొదలుపెట్టే ముందు మేడమే బ్యాటరీ వైరు విప్పించారు. చివర్లో నేనే మళ్ళీ బిగించాను. "బ్యాటరీ వైరు కూడ మేడం."

ఆమె కలం మూత పెట్టారు. నా వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ రెండు సార్లలోనూ ఉన్నది ఆ ఒక్క పనే. అది బయటికి చెప్పింది నా నోరు. ఆమె కావాలనే నా చేత చెప్పించారని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది.

శనివారం పొద్దున రెండు ట్రిప్పులు తోయించుకునే వేసి, పదింటికల్లా బండిని జాగాలో పెట్టి ఆపేశాను. మళ్ళీ తాళం తిప్పితే ఏమీ లేదు. చచ్చిందని అంత సంతోషపడింది ఆ ఒక్కసారే. బాగున్న బండిలో జబ్బు దొరకదు కదా. మేడం గాజుల మూట నా చేతికిచ్చారు. బల్బు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్సు మీద, నల్ల వైరు మైనస్సు మీద పెట్టమన్నారు. బల్బు భగ్గుమని వెలిగింది. బ్యాటరీ మంచిదే.

"ఇప్పుడు ఎర్రది అక్కడే ఉంచి, నల్లది ఇంజన్ ఒంటికి పెట్టు. రంగు మీద పెట్టకు, గీకి ఇనుము కనపడ్డాక పెట్టు."

స్క్రూడ్రైవర్‌తో గీకాను. ఇనుము మెరిసింది. వైరు ఆనించాను. బల్బు వెలగలేదు. ఇంకోచోట గీకాను. వెలగలేదు. మూడోచోట గేరుబాక్సు మీద గీకి పెట్టాను. బల్బు అట్లాగే నల్లగా ఉంది.

"అదీ!" అన్నారు మేడం. పేపరు మీది నుంచి లేవబోయి, మోకాలు పట్టేసి, నా భుజం మీద చేయి వేసి లేచారు. "కరెంటు వెళ్ళడానికే కాదమ్మా, తిరిగి రావడానికి కూడా దారి కావాలి. బ్యాటరీ మైనస్ నుంచి ఒక లావుపాటి వైరు బండి ఒంటికి వెళ్తుంది చూడు. బండిలో ప్రతి దీపం, ప్రతి మోటారు ఆ ఒక్క దారినే ఇంటికి రావాలి. ఆ దారి తెగింది. అందుకే అన్నీ ఒకేసారి చచ్చాయి."

ఆ వైరును మెకానిక్‌లు ఎర్త్ వైరు అంటారు. బ్యాటరీ కింద నుంచి దిగి గేరుబాక్సు పక్కన ఒక బోల్టుకు బిగించి ఉంటుంది. పైకి చూస్తే నిక్షేపంలా ఉంది. బండికి రంగు వేయించినప్పుడు దానికీ నీలం రంగు కొట్టారు, కొత్తదానిలా మెరుస్తోంది. నేను బండి కిందికి దూరి వెల్లకిలా పడుకుని, పానాతో బోల్టు విప్పాను. బోల్టు కింద ఆకుపచ్చటి పొడి రాలి నా మొహం మీద పడింది. వైరును పట్టుకుని కొద్దిగా లాగానో లేదో, చివరన ఉన్న బిళ్ళ నా చేతిలోకి ఊడి వచ్చేసింది. లోపల రాగి పోగులన్నీ పుచ్చిపోయి ఉన్నాయి. కదిపినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి రెండు రోజులు నడిపించేవి, మళ్ళీ ఎడమయ్యేవి. ఏళ్ళ తరబడి ట్యాంకర్ నుంచి కారిన నీళ్ళన్నీ అక్కడే పడి ఉంటాయి.

"దొరికిందా?" అని పైనుంచి అడిగారు.

"దొరికింది మేడం. దొంగముండ, రంగేసుకుని కూసుంది!"

మేడం పెద్దగా నవ్వారు. అంత నవ్వు ఆమెలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కానీ వెంటనే "ఆగు, ఇంకా సంతోషపడకు. మొన్నా ఇలాగే చప్పట్లు కొట్టాం" అన్నారు. బ్యాటరీల దుకాణంలో రెండు చివర్లా కరిచిపట్టే చిమ్టాలున్న లావు వైరు అడిగి తెమ్మన్నారు. బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ ఒంటికి దాన్ని తగిలించాం. తాళం తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. ఇంజన్ ఒక్క పట్టున లేచింది. వైరు తీసి, ఆపి, తిప్పాం: లేదు. పెట్టి తిప్పాం: లేచింది. నాలుగుసార్లు అట్లా చేయించి, నాలుగోసారి తల ఊపారు. కొత్త ఎర్త్ వైరు తెచ్చి, బోల్టు ఆనేచోట గరుకు కాగితంతో అద్దంలా అయ్యేదాకా రుద్ది బిగించాను. ఇంజన్ ఆపి లేపి, ఆపి లేపి, పదిసార్లు చూశాను. పదోసారి తల తిప్పి చూస్తే మా ఆయన రెండు చేతికర్రల మీద గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నెలన్నర తర్వాత మంచం దిగాడు.

ఆదివారం బ్రోకర్ వచ్చి బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు. మా ఆయన లోపలి నుంచే కేకేశాడు. "అన్నా, చాయ్ తాగి పో. బండి అమ్ముతలేం."

ఆ తర్వాత మేడం నన్ను వదలలేదు. నేనూ ఆమెను వదలలేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు పైకి పిలిచేవారు. బండిలోని ప్రతి వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో నా చేతనే బొమ్మ గీయించారు. ఆమెకు తెలియనిది వస్తే "నాకు తెలీదు, వెళ్ళి చూసి రా" అనేవారు. నేను కిందికి దిగి బానెట్ ఎత్తి చూసి, మళ్ళీ మెట్లెక్కి చెప్పేదాన్ని. ఆమె పెన్సిల్‌తో దిద్దేవారు. వేళ్ళు గ్రీజుతో నల్లగా ఉన్నా ఆ వేళ్ళతోనే కాఫీ గ్లాసు పట్టుకోమనేవారు. ఆరు నెలలకు మా సందులో ఆటోలు, ట్రాలీలు ఆగిపోతే నన్ను పిలవడం మొదలైంది. ఇప్పుడు పొద్దున నీళ్ళు వేసి, మధ్యాహ్నం దోమలగూడ దగ్గర ఒక షెడ్డులో బండ్ల కరెంటు పని చేస్తున్నాను. మా ఆయన కాలు కొంచెం వంకరగానే అతుక్కుంది. ఎక్కువసేపు బండి నడపలేడు, షెడ్డు ఆయనే చూసుకుంటాడు. ఎవరైనా వచ్చి "బ్యాటరీ మార్చాలె" అంటే ఆయనే చెప్తాడు: "ఆగన్నా, మా ఆమె చూసినంక చెప్తది."

మేడం అంటే మెత్తటి మనిషని అనుకోకండి. కసురుకునేవారు. సమయానికి రాకపోతే తలుపు తీసేవారు కాదు. కొత్తది కొని పని అయిందనిపించుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది. "కొనడం జవాబు కాదు, ప్రశ్న దాటేయడం" అనేవారు. ఆగిపోయిన ఇంటర్ పూర్తి చేయమని ప్రతి ఏడాదీ ఫారం తెచ్చి ఇచ్చేవారు. ఈసారి ఎండాకాలం పోయాక, ఈసారి షెడ్డు కుదిరాక అంటూ నేను దాటేస్తూ వచ్చాను. ఆమె ఫారం ఇవ్వడం మానలేదు, నేను రాయలేదు. ఇప్పుడు ఎవరు ఇచ్చినా అది ఆమె ఇచ్చిన ఫారం కాదు. ఈ వెలితి నాకు ఉండిపోతుంది. అయినా ఈసారి మాత్రం రాస్తాను.

ఈ చలికాలంలో ఆమె గుండె నీరసించింది. ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. సరిగ్గా అప్పుడే మా బండి లైట్లు పోయాయి, తాళం దగ్గర దీపమూ పోయింది. ఎర్త్ వైరు గట్టిగానే ఉంది. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే ఆయాసంతోనే మాట్లాడారు.

"ముందు ఏం చూశావు?"

"బ్యాటరీ. బల్బు మంచిగ వెలిగింది."

"తర్వాత?"

"ఎర్త్. అది గూడ వెలిగింది. అటెన్క మెయిన్ ఫ్యూజ్ కాడికి పోయిన. ఇవతల వెలుగుతుంది, అవతల వెలుగుతలేదు. ఫ్యూజ్ కాలింది మేడం."

"కొత్తది వేశావా?"

"ఎందుకు కాలిందో చూడకుంట ఎట్ల ఎయ్యాలె? చూసిన. బానెట్ అంచు రాసుకుని లైట్ల వైరు తోలు లేచిపోయింది. ఇనుముకు తగుల్తుంది. దానికి టేపు చుట్టి పక్కకు కట్టిన. ఇప్పుడు ఏస్త ఫ్యూజ్."

"మరి నాకెందుకు చేశావ్?" అన్నారు.

నిజమే, ఎందుకు చేశాను? ఆమెకు ఒంట్లో ఎట్లా ఉందో అడుగుదామని. ఆ మాట అడిగే ధైర్యం లేక బండి కథ ఎత్తుకున్నాను. ఆమెకు అది అర్థమైంది. "బాగానే ఉన్నాన్లే. ఫ్యూజు వేసి పడుకో" అని ఫోన్ పెట్టేశారు.

బుధవారం నేను వెళ్ళేసరికి మెట్ల నిండా ఆడవాళ్ళు. తలలు నెరిసిన శిష్యురాళ్ళు, మొన్నమొన్న చదువుకున్న పిల్లలు. ఒకావిడ పక్కావిడతో "నన్ను బెంచీ ఎక్కించింది తెలుసా" అని ఏడుస్తూ చెబుతోంది, అదేదో పతకమైనట్టు. నేనెవరినని ఒకరు అడిగారు. నేనూ ఆమె స్టూడెంట్‌నే అన్నాను. ఏ బ్యాచ్ అని అడిగారు. నేనొక్కదాన్నే బ్యాచ్ అని చెప్పాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె బతికింది మూడు వారాలే. అందులో ఒక ఆదివారం పొద్దున కిటికీలోంచి నన్ను పిలిచి, కాలేజీ దాకా తీసుకెళ్తావా అన్నారు. ఆటో పిలుస్తానంటే ఒప్పుకోలేదు. "నాలుగేళ్ళు దానికి వైద్యం చేశాను, ఒక్కసారైనా ఎక్కలేదు" అన్నారు. అక్క కూతురు వద్దని మొత్తుకుంది. మేడం వినలేదు. ట్యాంకర్ విప్పేసి, ఒట్టి ట్రాక్టర్ తీశాను. మడ్‌గార్డ్ మీద దుప్పటి మడిచి పరిచాను. మా ఆయన స్టూలు వేసి, నేనూ ఆ అమ్మాయీ చెరో చేయి పట్టుకుని ఎక్కించాం. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, నా సీటు వెనక ఇనుప కడ్డీ ఇంకో చేత్తో పట్టుకుని కూర్చున్నారు. మొదటి గేరులో, మనిషి నడిచేంత మెల్లగా వెళ్ళాం. చిక్కడపల్లి ఇంకా నిద్ర లేవలేదు. పాల ప్యాకెట్ల ఆయన సైకిలు ఆపి మరీ చూశాడు.

కాలేజీ గేటు మూసి ఉంది, ఆదివారం కదా. రోడ్డు పక్కన ఆపాను. లోపల ల్యాబు ఉన్న వైపు చాలాసేపు చూశారు. వెళ్దామా అంటే తల అడ్డంగా ఊపి, "హారన్ కొట్టు" అన్నారు.

"ఎవ్వరు అడ్డం లేరు మేడం."

"లేకపోతే ఏం? కొట్టు, విందాం."

గట్టిగా నొక్కి పట్టుకున్నాను. ఆ ఖాళీ రోడ్డు మీద అది పిడుగులా మోగింది. లోపల నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. గడ్డం గీసుకుంటున్నాడేమో, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నిండా సబ్బు నురగ. తిట్టడానికి నోరు తెరిచి, మడ్‌గార్డ్ మీద ఉన్నది ఎవరో చూసి, సబ్బు నురగతోనే కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. మేడం సెల్యూట్ తిరిగి కొట్టబోయి, నవ్వు ఆపుకోలేక, పడిపోకుండా నా భుజం గట్టిగా పట్టుకున్నారు.